పర్మనెంటు కాగితం

పెళ్ళి సంబంధం మాట్లాడవచ్చిన పెద్దలు మొట్టమొదట అడిగే ప్రశ్న కాలాన్నిబట్టి మారుతూ వుంటుంది. మా తాతగారి రోజుల్లో "ఎన్ని ఎకరాలు? మాగాణా, మెట్టా?" అని అడిగేవారట. మా నాన్నగారి నాటికి "గవర్నమెంటు ఉద్యోగమేనా? పర్మనెంటయిందా?" అన్నారు. నేను లెక్చరరుగా చేరిన కొత్తలో నన్నూ అదే అడిగారు. కాంట్రాక్టు అని చెప్పగానే కాఫీ గ్లాసు కింద పెట్టి, ఈ యేడు వానలు ఆలస్యమయ్యాయండీ అన్న పెద్దమనిషి మొహం నాకింకా జ్ఞాపకమే. ఇప్పుడా ప్రశ్న మరీ పొట్టిదయిపోయింది. "అబ్బాయికి పీ.ఆర్. వచ్చిందా?"

పీ.ఆర్. అంటే పర్మనెంటు రెసిడెన్సు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనక "శాశ్వత నివాసం" అని తర్జుమా చెయ్యబోయాను గాని, ఆ మాట వింటే మనవాళ్ళకు తోచేది వైకుంఠమో, కైలాసమో! కనక పీ.ఆర్. అనే వుంచుదాం.

మా అక్కయ్య కొడుకు 2019 లో కెనడా వెళ్ళాడు. హాలిఫాక్సు అనే రేవుపట్నంలో రెండేళ్ళ డిప్లొమా చదివాడు. చదువయ్యాక మూడేళ్ళు ఎక్కడైనా పని చేసుకోవచ్చునని పర్మిటు యిచ్చారు. ఒక హోటల్లో వంటవాడుగా కుదిరాడు. తెనాలిలో వున్నంతకాలం మంచినీళ్ళయినా ముంచుకు తాగని పిల్లాడు వంట చేస్తున్నాడంటే మా అక్కయ్య మూడు రోజులు నమ్మలేదు. నాలుగో రోజునుంచీ "కాగితం వచ్చిందా నాన్నా?" అనే జపం మొదలుపెట్టింది.

ఆ కాగితం ఎలా వస్తుందో తెలుసుకోవడానికి నేను చాలానే చదవవలసి వచ్చింది. చదివినకొద్దీ నాకు సరదా కూడా వేసింది. కెనడాలో మనం రాష్ట్రమనే దాన్ని ప్రావిన్సు అంటారు. అటువంటివి 10 వున్నాయి. 1867 నాటి వాళ్ళ రాజ్యాంగ చట్టంలో 95 వ సెక్షను, వ్యవసాయాన్నీ వలసనూ ఒకే వాక్యంలో చేర్చి, ఆ రెంటిమీదా కేంద్రానికీ ప్రావిన్సులకూ కూడా అధికారం వుందన్నది. నేల బోలెడు, దున్నేవాడు లేడు. అందుకనే ఆ రెండూ ఒకే కాడికి కట్టారు కాబోలు. అయితే ఆ పిలుపు అందరికీ కాదు. 1914 లో కొమగట మారు ఓడలో వెళ్ళిన మనవాళ్ళను వాంకూవరు రేవులో రెండు నెలలపాటు నీళ్ళమీదే నిలబెట్టి వెనక్కి పంపారు. జాతిని చూడకుండా చదువూ, భాషా, అనుభవమూ చూసి మార్కులు వేసే పద్ధతి 1967 లో గాని రాలేదు.

మార్కులు వచ్చాక మరో చిక్కు. వచ్చినవాళ్ళంతా టొరంటోకో, వాంకూవరుకో పోతున్నారు. చిన్న ప్రావిన్సుల్లో ఆస్పత్రిలో ఆయా లేదు, లారీకి డ్రైవరు లేడు. అందుచేత మీకు కావలసిన మనుషుల్ని మీరే పేర్లిచ్చి సిఫార్సు చెయ్యండని కేంద్రం ప్రావిన్సులతో ఒప్పందాలు చేసుకున్నది. మొదట మానిటోబాలో, 1998 లో ఈ పథకం ఆరంభమైంది. క్విబెక్కు దీనిలో లేదు. దాని ఎంపిక దానిదే. అట్లాంటిక్ తీరాన వున్న నాలుగు ప్రావిన్సులకు 2017 లో ప్రత్యేకంగా ఒక పథకం ప్రయోగాత్మకంగా పెట్టి, 2022 జనవరిలో దాన్ని కూడా పర్మనెంటు చేశారు. మా మేనల్లుడు పట్టుకున్న తాడు ఇదే.

దీని కిటుకేమంటే, దరఖాస్తుకు ప్రాణం యజమాని చేతిలో వుంటుంది. ముందుగా ఆ యజమాని ప్రావిన్సు ఆమోదం పొందినవాడై వుండాలి. వారానికి 30 గంటలకు తగ్గని, ఏ కాలానికో పరిమితం కాని ఉద్యోగం యిస్తానని రాసివ్వాలి. వంటవాడి పనిలాంటివాటికి కనీసం ఏడాదికి హామీ వుండాలి. అభ్యర్థికి గత అయిదేళ్ళలో 1,560 గంటల అనుభవం వుండాలి. అక్కడే రెండేళ్ళు చదివినవాళ్ళకు షరతులమీద దీన్నుంచి మినహాయింపు వుంది. ఇంగ్లీషులోనో, ఫ్రెంచిలోనో భాషా పరీక్ష అందరికీ తప్పదు. "కాన్వెంటులో చదివినవాడికి మళ్ళీ ఇంగ్లీషు పరీక్షేమిట్రా?" అని మా అక్కయ్య కోప్పడింది. పైగా ఆ పరీక్ష ఫలితానికి రెండేళ్ళే ఆయుర్దాయం. మావాడు రెండుసార్లు రాశాడు.

ఇవన్నీ సరిపోతే ప్రావిన్సు తన సమ్మతి తెలుపుతుంది. అంతమాత్రాన పీ.ఆర్. వచ్చేసినట్టు కాదు సుమా! అది కేంద్రం యివ్వాలి. వైద్య పరీక్షా, పోలీసు ధ్రువపత్రాలూ అయి, అక్కడి ఆఫీసులో మన ఫైలు వంతు వచ్చేదాకా కూచోవాలి. ఈలోగా ఆ ఉద్యోగం పోయిందా, కట్టిన గూడంతా కూలినట్టే.

ఇంత బలం ఒక్క మనిషి చేతిలో పెడితే ఏమవుతుందో ఊహించడానికి కెనడా దాకా పోనక్కర్లేదు. నాతోపాటు కాంట్రాక్టులో చేరినవాళ్ళు ప్రతి యేటా రెన్యూవలు వేళకు ఆఫీసు గుమ్మంలో ఎలా నిలబడేవారో నేను చూశాను.

మావాడి హోటలు యజమాని చెడ్డమాట ఒక్కటీ అనేవాడు కాదు. "వచ్చే నెల నీ ఉత్తరం యిస్తాను" అనేవాడు. అలా పద్ధెనిమిది నెలలు. ఆ వచ్చే నెలకోసం మావాడు వారానికి పది పన్నెండు గంటలు లెక్కలోకి రాని పని చేశాడు. పండుగకు సెలవడగలేదు. చేయి కాలినా చెప్పలేదు. చివరికి ఒకరోజు ఆయన, ఉత్తరం కావాలంటే "ఖర్చులుంటాయి" అన్నాడట. ఆ రాత్రి మావాడు ఫోను చేసి, "మావయ్యా, అమ్మకు చెప్పకు" అని మొదలుపెట్టాడు. అలా మొదలైన మాటలు సాధారణంగా అమ్మకే ముందు తెలుస్తాయి. తెల్లవారేసరికి అక్కయ్య గాజులు తాకట్టు పెట్టే మాట తెచ్చింది.

పెట్టనివ్వలేదు. కారణం సులభం. మావాడి దగ్గరున్నది ఎక్కడైనా పనిచెయ్యగల పర్మిటు. చదువుకున్నవాళ్ళకు యిచ్చేది అది. దాన్ని చేతిలో పెట్టుకుని ఆయన కాళ్ళు పట్టుకోవలసిన పని లేదు. వెతగ్గా వెతగ్గా హాలిఫాక్సుకు దూరంగా ఒక చిన్న ఊళ్ళో వృద్ధుల ఆశ్రమంలో వంటశాలలో పని దొరికింది. ఆ ఆశ్రమానికి ప్రావిన్సు ఆమోదం వుంది. అక్కడి మేనేజరమ్మ మూడో నెలలోనే తనంతట తాను కాగితాలు నింపింది. మధ్యలో పర్మిటు గడువు తీరిపోతే, ప్రావిన్సు ఉత్తరం చూపించి మరొకటి తెచ్చుకున్నాడు. 2024 చివర పీ.ఆర్. వచ్చింది.

అక్కయ్య సత్యనారాయణ వ్రతం చేసింది. ప్రసాదం తింటూ మా బావగారు, "ఇంక వాణ్ణి ఎవరూ కదపలేరు కదా?" అన్నారు. పూర్తిగా అలా కాదు. ఏ అయిదేళ్ళు తీసుకున్నా అందులో 730 రోజులు ఆ దేశంలో గడపాలి. లేకపోతే ఆ పర్మనెంటుకు ముప్పే. కాకపోతే యజమాని పిడికిలి మాత్రం వీడుతుంది. దరఖాస్తు నాడు ఆ ప్రావిన్సులోనే వుండాలనే ఉద్దేశం నిజమై వుండాలి గాని, పీ.ఆర్. వచ్చినవాళ్ళు ఏ ప్రావిన్సులోనైనా బతకవచ్చునని 1982 నాటి వాళ్ళ హక్కుల పత్రంలోనే వుంది. మావాడు మాత్రం ఆ ఆశ్రమంలోనే వున్నాడు. వీడి చేతి చారు మరిగిన ముసలివాళ్ళు కొందరున్నారట.

ఆ తర్వాత తలుపు బాగా మూసుకుంది. ప్రావిన్సుల సిఫార్సు మీద తీసుకునేవారి లక్ష్యం 2024 కు 1,10,000 వుంటే 2025 కు 55,000 చేశారు. 2026 కు 91,500 అన్నారు. మనిషి దొరక్క పరదేశిని పెట్టుకుంటున్నామని యజమాని తెచ్చుకునే ఎల్.ఎం.ఐ.ఎ. అనే అనుమతికి పీ.ఆర్. లెక్కలో అదనపు మార్కులుండేవి. ఆ అనుమతులు సంతలో సరుకులా అమ్ముడుపోతున్నాయని 2025 మార్చి 25 నుంచి ఆ మార్కులు ఎత్తేశారు. తలుపు యిరుకైనప్పుడు ద్వారపాలకుడి ధర పెరగడం మామూలే.

మావాడు వదిలేసిన హోటల్లో యింకో కుర్రాడున్నాడు, ఒంగోలు వైపువాడు. చదువు దారిన కాక, నేరుగా ఆ హోటలు పేరుమీదే వచ్చాడు. అతని పర్మిటు ఆ ఒక్క యజమానికే కట్టిపడేసి వుంది. వదిలితే యింకో చోట పనిచెయ్యడానికి లేదు. గడువు వచ్చే ఆగస్టుదాకా. వాళ్ళ నాన్నగారు కిందటి నెల మా కాలేజీకి వెతుక్కుంటూ వచ్చారు. చెమటకు తడిసిన చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం. దానిమీద కొడుకు చెప్పిన అంకె, 15,000 డాలర్లు.

"ఒకటిన్నర ఎకరం వుంది మాస్టారూ. కట్టెయ్యమంటారా?"

నాకు తెలిసినది చెప్పాను. ఉద్యోగం యిచ్చినందుకు కూలివాడి దగ్గర ఖర్చులు గుంజడం 2022 నుంచి అక్కడి కేంద్ర నిబంధనల్లోనే నిషేధం. యజమాని పీడిస్తున్నాడని రుజువులు చూపిస్తే, ఎక్కడైనా పనిచేసుకునే పర్మిటు యిచ్చే పద్ధతి 2019 జూన్ నుంచి వుంది. దానికి ఫీజు లేదు. డబ్బడిగిన సందేశాలూ, జీతం చీటీలూ, గంటల లెక్కా ఏదీ చెరిపెయ్యకుండా దాచమనండి. అయితే అది పీ.ఆర్. కాదు. దాంతో కొంతకాలం ఊపిరాడుతుంది; ఆలోగా మావాడిలా మరో యజమానిని వెతుక్కోవాలి. డబ్బు కట్టినా ఆ ఉద్యోగం ఉత్తదని తేలితే, అబద్ధపు కాగితం పెట్టినందుకు అయిదేళ్ళు ఆ దేశం గడప తొక్కనివ్వరు. అప్పుడు ఎకరమూ పోతుంది, పిల్లాడూ తిరిగొస్తాడు.

ఆయన అన్నీ విని, "మరి యీ రుజువులూ అవీ పెడితే ఆయన వీణ్ణి పనిలోంచి తీసేస్తాడేమో?" అన్నారు.

తీసెయ్యవచ్చు. ఆ మాటే చెప్పాను. మా మేనల్లుడి నంబరు రాసిచ్చాను. ఆయన కాగితం వెనక్కి తిప్పి, నేను చెప్పినవి ఒక్కొక్కటే మళ్ళీ చెప్పించుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. ఒంగోలు బస్సు ఎన్నింటికో అడిగి, కొడుకుతో రాత్రికి మాట్లాడతానని లేచారు.