రాత్రి పదింటికి ఎవరి తలుపు కొట్టాలి?

మా అక్క కూతురికి మేడ్చల్ దగ్గర ఇంజినీరింగ్ సీటొచ్చింది. వాళ్లది కామారెడ్డి. సీటు ఖాయమైన సాయంత్రమే బావ ఫోన్ చేశాడు. "సీటు సంగతి దేవుడు చూశాడు, హాస్టల్ సంగతి నువ్వు చూడు బామ్మర్దీ" అన్నాడు. ఆ ఆదివారం వాళ్లు ముగ్గురూ అటునుంచి బస్సులో వచ్చారు. నేను సిటీ నుంచి వెళ్లాను.

మధ్యాహ్నానికి నాలుగు హాస్టళ్లు చూశాం. అన్నిచోట్లా ఒకటే వరస. నున్నటి టైల్స్, గోడకు టీవీ, బల్ల మీద విజిటింగ్ కార్డులు. బావ ఫీజు అడిగాడు. అక్క పప్పు రుచి చూసింది. నేను కుళాయిలు తిప్పాను. పిల్ల మాత్రం నోరు విప్పలేదు. నాలుగో హాస్టల్ మెట్లు దిగుతూ అంది: "మామయ్యా, రాత్రి పదింటికి నాకు జ్వరమొస్తే ఎవరి తలుపు కొట్టాలో ఎవరూ చెప్పలేదు."

మేం ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. పొద్దున్నుంచీ మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు మరి!

హైదరాబాద్‌కు ఉత్తరాన ఈ చుట్టుపక్కల చదువులు రెండు రకాలు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో పుట్టింది. అటే జవహర్‌నగర్ దగ్గర బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ 2008లో మొదలైంది. ఇవి రెసిడెన్షియల్ చదువులు. ఇక్కడ సీటుతోపాటే గదీ వస్తుంది. క్లాసు, లైబ్రరీ, మెస్ అన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. తల్లిదండ్రులు హాస్టళ్ల వేటలో తిరగాల్సిన పని ఉండదు.

మేడ్చల్ రోడ్డు సంగతి వేరు. కండ్లకోయ, మైసమ్మగూడ వైపు వరసగా కాలేజీలు. పిల్లల ముందు నాలుగు దారులుంటాయి. కాలేజీ హాస్టల్, బయటి ప్రైవేటు హాస్టల్, నలుగురు కలిసి తీసుకునే ఫ్లాట్, లేదంటే ఇంటినుంచే రాకపోకలు.

సిటీలో ఇల్లున్నవాళ్లు నాలుగోదాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. సికింద్రాబాద్-మేడ్చల్ ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అయితే రైలు వేళా కాలేజీ గంటా కలుస్తాయో లేదో చూసుకోవాలి. రానూపోనూ మూడు గంటలు బస్సులోనే గడిచిపోతే, మిగిలిన డబ్బు పిల్లల నిద్రలోంచి కోసుకున్నట్టే.

ఫ్లాట్‌లో స్వేచ్ఛ ఎక్కువ. కానీ గ్యాస్ బండ, కరెంటు బిల్లు, అంట్ల గిన్నెలు, నీళ్ల ట్యాంకరు కూడా పిల్లలవే. పైగా మధ్యలో ఒకరు ఖాళీ చేస్తే ఆ అద్దె మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. మొదటి ఏడాదికి ఇది బరువు. మూడో ఏడాదికి చూసుకోవచ్చు.

ఇక బయటి హాస్టళ్లు. ఆదివారం మధ్యాహ్నం వెళితే మాకు కనిపించినట్టే అన్నీ బాగా కనిపిస్తాయి. మామూలు రోజు, రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి. వార్డెన్ అక్కడే నిద్రపోతారా, ఇంటికెళ్లిపోతారా కనుక్కోండి. ఎండాకాలం నీళ్లు ఎలాగని యజమానిని కాదు, రెండో ఏడాది పిల్లల్ని అడగండి. అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారో, ఎన్నాళ్లు ముందు చెప్పాలో కాగితం మీద రాయించుకోండి. జీఎస్టీ అంటూ బిల్లులో కలిపితే ఒక్కమాట గుర్తుంచుకోండి. మనిషికి నెలకు 20 వేలు దాటని హాస్టల్ అద్దెకు, కనీసం 90 రోజులు వరసగా ఉంటే, 2024 జులై 15 నుంచి ఆ పన్ను మినహాయించారు.

స్నానాల గదుల వెంటిలేటర్లు ఎటు తెరుచుకుంటాయో కూడా చూడండి. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. కానీ 2025 జనవరి మొదట్లో మేడ్చల్ ప్రాంతంలోని ఒక కాలేజీ హాస్టల్ అమ్మాయిలు, తమను రహస్యంగా ఫోన్లలో తీశారని ఆరోపిస్తూ ఆందోళనకు దిగారు. పోలీసులు కేసు పెట్టారు. ప్రహరీ లోపల ఉన్నంత మాత్రాన అంతా భద్రమనుకోకూడదు.

ర్యాగింగ్ విషయంలో 2009 నాటి యూజీసీ నిబంధనలు మన పక్షాన ఉన్నాయి. బయటి హాస్టళ్లకూ అవి వర్తిస్తాయి. ప్రైవేటు హాస్టల్ స్థానిక పోలీసుల దగ్గర నమోదై ఉండాలని అందులోనే ఉంది. నమోదైందా అని అడగడం తప్పు కాదు. 1800-180-5522 నంబరు పిల్లల ఫోన్లో ఉండాలి.

ఊరొదిలి చదువుకొచ్చిన పిల్లలకు నీడ కావాలన్న ఆలోచన మన నగరంలో పాతదే. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. తర్వాత సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ చూశారు. అక్కడ పిల్లలకు అన్నం, పడకతోపాటు పుస్తకాలూ, బాగోగులు చూసే పెద్దమనుషులూ దొరికారు. బాగోగులు చూసే ఆ పెద్దమనిషి కోసమే ఇవాళా మనం వెతుకుతున్నది.

మా పిల్ల చివరికి కాలేజీ హాస్టల్‌లోనే చేరింది. గది చిన్నది, ముగ్గురుండాలి. ప్రైవేటు హాస్టల్ కంటే కూర కూడా అంతంతే అని అక్క బాధ. కానీ వార్డెన్ కింది అంతస్తులోనే ఉంటారు. రెండోసారి రాత్రిపూట వెళ్లినప్పుడు మా కళ్లతో చూసి వచ్చాం.

మొన్న వానల్లో పిల్లకు నిజంగానే జ్వరమొచ్చింది. మర్నాడు తెలిసి ఫోన్ చేశాను. "వార్డెన్ తలుపు కొట్టావా?" అనడిగాను.

"లేదు మామయ్యా, పక్క గదిలో సీనియర్ అక్క తలుపు కొట్టాను. ఆమే వెళ్లి వార్డెన్‌ను లేపింది" అంది.

ఆ మాట బావకు చెప్పాను. "ఆ పక్క గది పిల్లది ఏ ఊరో కనుక్కో, ఈసారి వచ్చినప్పుడు సకినాలు ఎక్కువ తెస్తాను" అన్నాడు.