గడ్డి లెక్క ఎవరు తీస్తారు?

"గొర్లు, మేకలు, బర్రెలు మేస్తే అడవి నాశనమవుతుంది." ఈ వాక్యం స్కూల్లో ఏదో ఒక పరీక్షలో అందరం రాసినవాళ్లమే. రెండు మార్కుల ప్రశ్న. రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, అయిపోయింది.

మరి ఎంత మేస్తే నాశనం? ఎన్ని బర్రెలు? ఏ నెలలో? ఏ గడ్డి? ఇవి ఎవరూ అడగలేదు. వీటికి మార్కుల్లేవు కదా!

ఈ వారం మన ముచ్చట ఆ ప్రశ్నల గురించే. రామకృష్ణాపూర్, మందమర్రి, శ్రీరాంపూర్, అటు గోదావరిఖని దాకా మన బొగ్గు నేలకి ఇప్పుడు వీటి జవాబు కావాలి. ఎందుకో చెప్తా. ముందు ఒక పిట్ట కథ. నిజంగానే పిట్ట కథ.

ప్రాణహిత ఒడ్డున ఉండే పిట్ట

దాని పేరు కలివికోడి. ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1848లో థామస్ జెర్డాన్ అనే ఆర్మీ డాక్టర్ దీన్ని మొదట కనుగొన్నాడు. నెల్లూరు, కడప, అనంతపురం వైపు పిట్ట అనుకుంటాం గానీ, ఇది మన వైపు కూడా ఉండేది. 19వ శతాబ్దంలో భద్రాచలం దగ్గర, సిరొంచ దగ్గర చూసినట్టు రికార్డులున్నాయి. సిరొంచ ఎక్కడో లేదు. చెన్నూరు, కోటపల్లి దాటితే ప్రాణహిత అవతలి ఒడ్డే.

1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. ఇక లేదు, అంతరించిపోయింది అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అక్కడి ఊళ్లలో జనాన్ని అడుగుతూ వెతికారు. చివరికి పిట్టను పట్టి తెచ్చింది మాత్రం అక్కడి మనిషే. అది కూడా రాత్రిపూట. కలివికోడి చీకటి పడ్డాకే తిరుగుతుంది. సైన్సు దానికోసం పగలు వెతికింది. ఊరివాళ్లకి మాత్రం అది ఎప్పుడు తిరుగుతుందో తెలుసు. ఎనభై ఆరేళ్ల గ్యాప్‌కి ఇదొక ముఖ్య కారణం.

మట్టి మీద అడుగులు

దొరికింది సరే. దాన్ని కాపాడాలంటే ఎలాంటి చోట బతుకుతుందో తెలియాలి. రాత్రి తిరిగే పిట్ట, మనిషిని చూస్తే పొదల్లోకి పరుగు. ఎలా లెక్కపెడతారు?

2000 తర్వాత పి. జెగనాథన్ అనే పరిశోధకుడు, ఆయన టీమ్, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలో ఒక సింపుల్ పద్ధతి వాడారు. పొదల మధ్య సన్నటి మట్టిని పట్టీల్లా పరిచారు. పొద్దున్నే వెళ్లి ఆ మట్టి మీద ఏ అడుగులు పడ్డాయో చూశారు. కలివికోడివి మూడు వేళ్ల అడుగులు. కొన్ని చోట్ల ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి, అడుగు దానిదేనని ఖాయం చేసుకున్నారు. ఆ చుట్టుపక్కల పొదలన్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టారు.

2004లో అచ్చయిన ఆ లెక్క ఇది: రెండు మీటర్ల కంటే ఎత్తున్న పొదలు హెక్టారుకి 300 నుంచి 700 మధ్య, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోట ఈ పిట్ట ఎక్కువగా కనిపిస్తుంది. హెక్టారు అంటే సుమారు రెండున్నర ఎకరాలు. పొదలు మరీ చిక్కగా ఉంటే దానికి పరుగెత్తే జాగా ఉండదు. మరీ ఖాళీగా ఉంటే దాక్కునే చోటుండదు. రెండిటికీ మధ్యలో ఉండాలి.

మరి ఆ నేలను మధ్యస్థంగా ఉంచుతున్నది ఎవరు? అక్కడ మేసే బర్రెలు, గొర్లు, మేకలు, కట్టెలు కొట్టుకునే జనం. కొంత మేత, కొంత కట్టెకోత ఈ పిట్టకి సాయపడుతూ ఉండొచ్చని ఆ టీమ్ చెప్పింది. మనం పరీక్షలో ముద్దాయి అని రాసినవాళ్లు ఇక్కడ సాక్షులయ్యారు.

అలాగని మేకలన్నీ తోలేయండి అని దీని అర్థం కాదు. మేత మితిమీరితే పొదలు పోతాయి, పొదలతో పాటు పిట్టా పోతుంది. ఎంత అన్నదే అసలు సంగతి. ఆ "ఎంత" అనేది కొలిస్తేనే తెలుస్తుంది.

ఇంకో విషయం కూడా ఉంది. 1991 నుంచి 2000 దాకా శాటిలైట్ బొమ్మలు పోల్చి చూస్తే, ఆ ప్రాంతంలో పొదల నేల 11 నుంచి 15 శాతం తగ్గింది, సాగు నేల రెట్టింపు దాటింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట ఉండే చోటు దగ్గరికే వచ్చేసింది. ఆ సంగతి బయటపడింది కూడా ఫీల్డులో రోజూ తిరుగుతున్న పరిశోధకుల వల్లే. పనులు ఆగాయి, కాలువ దారి మార్చాల్సి వచ్చింది. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి కలివికోడి ఖాయంగా ఎవరి కంటా పడలేదు. అందరం మేక వైపు వేలు చూపిస్తుంటే, పక్కనుంచి జేసీబీ వెళ్లిపోయింది.

కొలవకముందే తీర్పిస్తే

ఇక్కడి నుంచి కాసేపు రాజస్థాన్ వెళ్దాం. భరత్‌పూర్ పక్షుల పార్కు పేరు వినే ఉంటారు. 1982 నవంబరులో అక్కడ పశువుల మేతను పూర్తిగా ఆపేశారు. మేత ఆపాలని అడిగినవాళ్లలో పక్షుల పెద్దాయన సాలిం అలీ కూడా ఉన్నారు. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి.

అదే 1980ల్లో వి.ఎస్. విజయన్ నాయకత్వంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అక్కడ పదేళ్లు అధ్యయనం చేసింది. తేలింది ఏంటంటే, బర్రెలు తినకపోయేసరికి పాస్పాలమ్ అనే గడ్డి నీళ్లన్నిటినీ కప్పేసింది. తెరపి నీళ్లు కావాల్సిన పక్షులకి చోటు తగ్గింది. బర్రెలు అన్నేళ్లూ పైసా తీసుకోకుండా చేసిన పని అప్పుడు కనబడింది.

సాలిం అలీ చిన్న మనిషి కాదు. పక్షుల గురించి ఆయనకి తెలిసినంత దేశంలో ఎవరికీ తెలీదు. ఆయన సొసైటీయే తర్వాత కొలిచి వేరే మాట చెప్పింది. సైన్సు గొప్పతనం అక్కడుంది. కాకపోతే కొలత ముందు జరిగి, ఆర్డర్ తర్వాత వచ్చి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

రాంచ్ వేరు, మంద వేరు

పశువుల మేత మీద రీసెర్చ్ అనగానే నెట్‌లో ఎక్కువగా అమెరికా రాంచ్‌లు వస్తాయి. సినిమాల్లో, రెడ్ డెడ్ రిడెంప్షన్ గేములో చూసిందే: వేల ఎకరాలు, చుట్టూ కంచె, గుర్రం మీద మనిషి. అక్కడ ప్రయోగం పెట్టడం కొంత తేలిక. ఈ కంచెలో యాభై ఆవులు, ఆ కంచెలో వంద. ఏడాది తర్వాత రెండూ పోల్చి చూడు.

మన దగ్గర కంచె లేదు. మంద ఎటు పోవాలో పొద్దున్నే కాపరి తేలుస్తాడు. నిన్న వాన ఎక్కడ పడింది, ఏ చెలకలో పంట కోశారు, ఏ కుంటలో నీళ్లున్నాయి, ఫారెస్టువాళ్లు ఎటున్నారు అని అన్నీ మనసులో లెక్కేసుకుంటాడు. కాబట్టి ఇక్కడ ఫీల్డ్ రీసెర్చ్ నడిపించే మనిషికి మొదటి పని జీపీఎస్ కొనడం కాదు. "కాకా, ఇయ్యాల మందని ఎటు తోలుతున్నవ్?" అని అడిగి వెనక నడవడం. ఒక్క రోజు కాదు, అన్ని కాలాల్లో.

కంచె లేకపోయినా పోల్చడానికి దారి ఉంది. ఆఫ్రికాలోని సెరెంగెటిలో 1970ల్లో సామ్ మెక్‌నాటన్ చేసింది అదే. కొద్దిపాటి నేలకి కంచె కట్టి జంతువుల్ని రానివ్వలేదు. పక్కనున్న నేలను వాటికి వదిలేశాడు. విల్డబీస్టులు మేసి వెళ్లిన చోట గడ్డి మళ్లీ లేతగా చిగురిస్తే, తర్వాత వచ్చిన చిన్న జింకలు అక్కడికే చేరాయి. ఈ లోపల, బయట తేడా చూసే పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నదే. దానికి కావాల్సింది కంప, ఓపిక.

ఇక మన నేల

2017లో తెలంగాణలో గొల్ల కురుమలకి గొర్రెల పథకం మొదలైంది. ఒక్కో యూనిట్‌కి 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. గొర్రెల లెక్క ఉంది, డబ్బుల లెక్క ఉంది. మరి అవి ఎక్కడ మేస్తాయి?

బొగ్గు బెల్టులో ఈ ప్రశ్న ఇంకా బరువైంది. ఓపెన్‌కాస్ట్ వస్తే పోయేది ఇళ్లు, పొలాలు మాత్రమే కాదు. బంచరాయి పోతుంది, మంద నడిచే దారి పోతుంది, నీళ్లు తాగే కుంట పోతుంది. పట్టా భూమికి నష్టపరిహారం గురించి ధర్నాలు చూశాం. మేత దారి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. గని పని ముగిశాక, లీజు తీసుకున్నవాళ్లు ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచాలి. పశుగ్రాసం, మొక్కలు, జంతువులు బతకగలిగే స్థితికి నేలను తేవాలి. గమనించండి, కోర్టు చెప్పింది "పచ్చగా చేయండి" అని కాదు. పశువుల మేతకి పనికొచ్చే నేల కావాలంది.

ఈ రెండిటికీ చాలా తేడా. ఓబీ గుట్ట అంటే భూమి లోపలి నుంచి తోడిన రాయి, మట్టి. దాని మీద ఏది మొలిచినా శాటిలైట్ బొమ్మలో పచ్చగానే కనిపిస్తుంది. వయ్యారిభామ కూడా పచ్చగానే ఉంటుంది. దాన్ని ఏ బర్రే ముట్టదు. యూకలిప్టస్ తోట ఇంకా పచ్చగా ఉంటుంది, దాని కింద మందకి దొరికేది కొంచెమే. కాబట్టి ఆ గుట్ట మేతకి పనికొస్తుందో లేదో డ్రోన్ చెప్పలేదు. నేల మీద కూర్చుని గడ్డి లెక్కపెట్టిన మనిషి చెప్పాలి. ఆ మనిషి మంచిర్యాల జిల్లా పిల్లే ఎందుకు కాకూడదు?

మొదలుపెట్టాలంటే

బీఎస్సీ బాటనీనో జువాలజీనో చదువుతున్నవాళ్లు, సిద్దిపేట జిల్లా ములుగు ఫారెస్ట్ కాలేజీ వైపు చూస్తున్నవాళ్లు, ఏ డిగ్రీ లేకపోయినా ఆసక్తి ఉన్నవాళ్లు, ఎవరైనా చేయగలిగిన పని ఇది.

ఒకటి, ఒక కాపరి దగ్గర ఏడాది మేత దారి తెలుసుకుని ఫోన్ మ్యాప్ మీద గీయండి. ఏ గడ్డిని ఏ పేరుతో పిలుస్తారో రాసుకోండి. ఏది పశువు ఇష్టంగా తింటుంది, ఏది వదిలేస్తుంది అన్నది పుస్తకంలో కంటే ఆయన నోట్లో స్పష్టంగా ఉంటుంది.

రెండు, పక్కపక్కనే ఒకేలా ఉన్న రెండు ముక్కలు చూసుకుని ఒకదానికి కంప కట్టండి. ఇలాంటి జతలు కనీసం ఐదారు ఉండాలి. ఒక్క జతతో ఏదీ తేలదు. పైపు ముక్కలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేసి నేల మీద పెట్టండి. లోపల ఎన్ని రకాల మొక్కలు, ఎంత ఎత్తు, ఖాళీ మట్టి ఎంత అనేది రాయండి. వానలకి ముందు, తర్వాత, చలికాలంలో, ఎండల్లో ప్రతిసారీ అదే చోట. ఒక్క ఏడాది కొలిస్తే వాన గురించి తెలుస్తుంది. మేత గురించి తెలియాలంటే మూడేళ్లన్నా పడుతుంది.

మూడు, అనుమతి. అడవిలో అయితే అటవీ శాఖది, గని నేలలో అయితే కంపెనీది. రాతపూర్వకంగా తీసుకోండి. నడుస్తున్న ఓపెన్‌కాస్ట్‌లోకి, కొత్తగా పోసిన మట్టి గుట్టల మీదకి రీల్స్ కోసమో రీసెర్చ్ కోసమో వెళ్లొద్దు. ఆ మట్టి జారితే తప్పించుకునే టైముండదు.

నాలుగు, మీతో తిరిగిన కాపరికి రోజు కూలి ఇవ్వండి. రిపోర్టులో, ఆయన ఒప్పుకుంటే, పేరు రాయండి. టీమ్‌కి లీడర్ అంటే ముందు నడిచేవాడని అనుకుంటాం. మేత నేలలో లీడర్ మంద వెనక నడుస్తాడు, కొలతలు తప్పకుండా చూసుకుంటాడు, వచ్చిన లెక్క తనకి నచ్చకపోయినా దాచడు.

మీ కొలత చివరికి "మేత ఎక్కువైంది, కొన్నాళ్లు ఆపాలి" అని చెప్పొచ్చు. లేదా "మందని రానిస్తేనే ఈ గడ్డి బాగుంటుంది" అనొచ్చు. ఏది చెప్పినా, కంపెనీ ఆఫీసులో, కలెక్టరేట్‌లో, గ్రామసభలో కూర్చున్నప్పుడు కాపరి చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఇన్నాళ్లూ ఆయన చేతిలో కర్ర ఒక్కటే ఉంది.

వానలు పడకముందే మొదటి కొలత తీసుకోండి. గడ్డి లేచాక వెళ్తే, అంతకుముందు అక్కడ ఏముందో ఎవరూ చెప్పలేరు.