‘ఇంట్లో చేసుకోవచ్చుగా!’ – ఎవరండీ?

ఇటాలియన్ రెస్టారెంటుకి వెళ్దామని పేరెత్తగానే మన ఇళ్ళల్లో తప్పకుండా వినపడే మాట ఒకటుంది. "20 డాలర్లు తగలేసి టమాటా గుజ్జు కలిపిన సేమ్యా తినాలా? అదేదో ఇంట్లోనే చేసుకోవచ్చుగా!" అనేది మగవాళ్ళే అనుకోకండి. ఇండియా నుంచి వచ్చిన అత్తగార్లూ అంటారు, పొదుపుగా సంసారం చేసుకొచ్చిన అక్కయ్యలూ అంటారు. నాకు మాత్రం ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను.

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడిచిపోతుంది. "చేసుకోవచ్చు" అంటే ఎవరు చేసుకోవచ్చు? అన్న మనిషి లేచి చేస్తాడనా? కాదుగా. పేరు చెప్పకపోయినా ఆ కర్త ఎవరో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలుసు. ఆవిడ అప్పుడే పొద్దుటినుంచి మూడోసారి వంటగట్టు తుడిచి, చేతులు ఆరబెట్టుకుంటూ ఉంటుంది.

సరే, డబ్బు మాట వచ్చింది కనుక లెక్కే వేద్దాం. మేముండే న్యూజెర్సీలో ఏ చిన్న ఊరికి వెళ్ళినా ఒక ఇటాలియన్ రెస్టారెంటు ఉంటుంది. అక్కడ దొరికే వంకాయ పార్మిజానా ఇంట్లో చేయాలంటే ఏం చెయ్యాలో చూడండి. పెద్ద వంకాయల్ని చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి, నీరు వదిలేదాకా ఆగాలి. తుడిచి, పిండిలో ఒకసారి, గుడ్డు సొనలో ఒకసారి, బ్రెడ్డు పొడిలో ఒకసారి దొర్లించాలి. వాయి తరవాత వాయి వేయించాలి. పక్క స్టవ్వు మీద టమాటా సాస్ కాగుతూ ఉండాలి. ఆ తరవాత వరసలు పేర్చి, చీజ్ వేసి, అవెన్‌లో పెట్టాలి. చివర్లో మూడు పళ్ళేలూ, నూనె బాండీ, చీజ్ అంటుకుపోయిన ట్రే సింకులో ఎదురుచూస్తూ ఉంటాయి. తోమడంతో కలిపి నాకు రెండున్నర గంటలు పడుతుంది.

2025లో మా రాష్ట్రంలో కనీస వేతనం గంటకి 15 డాలర్ల 49 సెంట్లు. ఆ లెక్కన నా రెండున్నర గంటలకి 38 డాలర్ల పైమాటే. సరుకులకి ఓ 25 వేసుకోండి. బయట నలుగురం తింటే పన్నూ, టిప్పూ కలిపి వంద అవుతుంది. "అయినా ఇంట్లో చేస్తే 36 మిగులుతుందిగా" అంటారు లెక్కలు బాగా వచ్చినవాళ్ళు. నిజమే. ఆ 36 డాలర్లతో నేనేం కొన్నానో కూడా వినండి. మా అమ్మాయి స్కూలు కబుర్లు చెప్తుంటే మధ్యలో "ఉండమ్మా, మాడిపోతోంది" అనకుండా చివరిదాకా విన్నాను. వేడి కూర వేడిగా ఉండగానే తిన్నాను. ఇంకా కావాలని ఎవరైనా అడిగితే లేవాల్సిన పని లేకపోయింది. ఇంత తక్కువకి ఇవి ఇంకెక్కడ దొరుకుతాయి?

"పోనీ, బయటికే వెళ్ళాలంటే మన బఫేకి వెళ్దాం" అంటారు. అక్కడ జరిగేది మీకు తెలియనిదా? చిన్నాడి పళ్ళెం పట్టుకుని ఒకసారి, పెద్దదానికి కారం లేని కూర వెతుకుతూ ఒకసారి, మామగారికి పెరుగన్నం కోసం ఇంకోసారి. ఇంట్లో వడ్డించే మనిషే అక్కడా వడ్డిస్తుంది. పైగా వారమంతా వండిన పప్పూ సాంబారే అక్కడా ఎదురవుతాయి. "నీ చేతి పప్పే బాగుంటుందోయ్" అని మెచ్చుకోలొకటి. ఆ మెచ్చుకోలు మర్నాడు మళ్ళీ పప్పు వండిస్తుంది.

ఇక "వాళ్ళ తిండి చప్పగా ఉంటుంది" అన్న మాట. పెన్నే అరబ్బియాతా తిని చూడండి. అరబ్బియాతా అంటేనే కోపం వచ్చినది అని అర్థం, అంత కారం అన్నమాట. ఇటలీ దక్షిణాన కలాబ్రియావాళ్ళకి ఎండుమిరపకాయ లేనిదే ముద్ద దిగదు. వెల్లుల్లీ, ఎండుమిర్చీ ఆలివ్ నూనెలో వేయించి కలిపే స్పగెటీ మన పోపన్నానికి దూరపు చుట్టం.

"శాకాహారులం, మాకక్కడ ఏముంటుంది" అనేవాళ్ళది న్యాయమైన ప్రశ్న. అసలైన పార్మిజానో చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన రెనెట్ కలుస్తుంది. మినెస్ట్రోనీ సూపు కొన్నిచోట్ల చికెన్ నీళ్ళతో కాస్తారు. సీజర్ సలాడ్ సాస్‌లో చిన్న చేపలు వేస్తారు. తిరామిసులో గుడ్డుంటుంది. అడిగి తెలుసుకుని, చీజ్ వెయ్యొద్దని చెప్తే సరిపోతుంది. వంకాయ బదులు మారినారా స్పగెటీ తినండి. అడగడానికి మొహమాటపడి మానేయడమెందుకు?

మరో సంగతి. ఈ వంట ఎవరి ఇళ్ళనుంచి వచ్చింది? 1880 నుంచి 1924 దాకా దాదాపు 40 లక్షలమంది ఇటాలియన్లు అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణాది పేదవాళ్ళు. వెల్లుల్లి కంపు అని వాళ్ళని ఎగతాళి చేసేవారు, ఈ రోజు మన పిల్లల లంచ్ బాక్సుల్ని చూసి ముక్కు మూసుకున్నట్టే. ఇప్పుడు దేశమంతా ఆ వెల్లుల్లినే బ్రెడ్డుకి రాసుకుని తింటోంది.

మార్సెల్లా హజాన్ పేరు విన్నారా? ఇటలీలో సైన్సులో డాక్టరేట్ చేసిన మనిషి. 1955లో పెళ్ళయ్యాక భర్తతో న్యూయార్క్ వచ్చింది. ఇంగ్లీషు రాదు, వంటా పెద్దగా రాదు. ఇంట్లో కూర్చుని పుస్తకాలు చూసి నేర్చుకుంది. 1969లో తన ఇంట్లోనే పాఠాలు మొదలుపెట్టింది, 1973లో పుస్తకం రాసింది. టమాటాలు, వెన్న, రెండు ముక్కలు చేసిన ఉల్లిపాయతో ఆవిడ చెప్పిన సాస్ ప్రపంచమంతా చేస్తున్నారు. చదువంతా పక్కన పెట్టి మొగుడి వెంట ఈ దేశం వచ్చిన ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు? ఆ వంటని "టమాటా గుజ్జు" అని తీసిపారేస్తే తేలికైపోయేది వండిన చెయ్యి.

ప్రతి వారం వెళ్ళమని నేననడం లేదు. ఉద్యోగం చెయ్యడానికి అనుమతి లేని వీసా మీద భార్య, ఒక్క జీతం, ఇండియాకి పంపాల్సిన డబ్బు, ఇవన్నీ ఉన్న ఇల్లు నెలకొక్కసారి వెళ్ళడమే గొప్ప. మధ్యాహ్నం వెళ్తే రేటు తక్కువ. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోయేంత పెడతారు. అదీ కుదరదంటే "ఈ నెల డబ్బుల్లేవు" అని నేరుగా చెప్పండి. ఆ మాటకి నేను తలొంచుతాను, అందులో ఇద్దరి కష్టమూ ఉంది. "ఇంట్లో చేసుకోవచ్చుగా" అన్న మాటలో ఒక మనిషి కష్టాన్ని సున్నా కింద రాసేయడం ఉంది. అందుకే దాన్ని ఒప్పుకోను.

కాబట్టి ఈసారి ఎవరైనా ఆ మాటంటే పోట్లాడకండి. "ఎవరండీ?" అని అడిగి ఊరుకోండి. "నేనే చేస్తాలే" అంటే సంతోషంగా ఒప్పుకోండి. తోమడం కూడా అందులోకే వస్తుందని మాత్రం ముందే చెప్పండి.