వరద రోజున బడి తాళం ఎవరి దగ్గర ఉంది?



జూన్ వచ్చింది, బడులు తెరిచారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త పుస్తకాల సంచులు తెచ్చి ప్రార్థన చేయించుకున్న పిల్లల్ని చూసి ఎంతో సంతోషించాం. ఆ సాయంత్రం సంఘ పెద్దలతో కూర్చున్నప్పుడు ఒక మాట అడిగాం. ఈ వానల్లో వరదో తుపానో వచ్చి బడి ఆగిపోతే, మందిరం పక్కనున్న హాలు బడి నడపడానికి ఇద్దామా అని. పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ మాట్లాడుకుందాం అన్నారు. ఈ నాలుగు రోజులూ ఆలోచిస్తే, అడిగిన ప్రశ్నే సరిగా అడగలేదేమో అనిపించింది. అందుకే మీ అందరి ముందూ పెడుతున్నాం.

ముందు 2024 సంగతి గుర్తుచేసుకుందాం. ఆ సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. 2009 అక్టోబరు నాటి వరదను కూడా మించింది. విజయవాడలో బుడమేరు ముంపును దేశమంతా టీవీల్లో చూసింది. మన దిగువన కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకల్లో అరటి, పసుపు, కంద తోటలు నీళ్లలో నిలబడిపోయిన సంగతి అక్కడ బంధువులున్న వాళ్లకే బాగా తెలుసు. మన సంఘ స్త్రీలు తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి పొట్లాలు కట్టారు. యౌవనస్థులు ట్రాక్టరులో మంచినీళ్ల ప్యాకెట్లు వేసుకుని బయలుదేరారు. వాళ్లతో మేమూ వెళ్లాం.

అక్కడ ఒక బడిలో పునరావాస కేంద్రం పెట్టారు. తరగతి గదుల్లో చాపలు, బట్టల మూటలు, బియ్యం బస్తాలు. వరండాలో రెండు మేకలు. బల్లలన్నీ ఒక మూలకు పేర్చేశారు. ఒక గదిలో పదో తరగతి చదివే అమ్మాయి తడిసిన సైన్సు పుస్తకం విప్పి, పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టుకుంటూ కూర్చుంది. మమ్మల్ని చూసి, "అయ్యగారూ, బడి ఎప్పుడు తెరుస్తారండీ?" అని అడిగింది.

"నీళ్లు తీయగానే తెరుస్తారులే తల్లీ" అన్నాం.

"ఇదే మా బడండీ. మేమే ఇందులో ఉన్నాం కదా, ఇంక ఎట్టా తెరుస్తారు?"

మా దగ్గర జవాబు లేదు. పొట్లం చేతిలో పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయాం. సేవ చేసి వచ్చామన్న తృప్తి ఇంటికి చేరేదాకా ఉండలేదు.

ఆ అమ్మాయి అడిగింది చిన్న మాట కాదు ప్రియులారా. ఆపద వస్తే ఊళ్లో ముందు తీసుకునేది బడినే. పక్కా కప్పు, నీళ్ల పంపు, నలుగురు పట్టే గదులు ఉండేది అక్కడే కాబట్టి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. వాటిలో చాలావాటిని మామూలు రోజుల్లో బడులుగా వాడుకున్నారు. ఆలోచన మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ గాలి వాన వచ్చినప్పుడల్లా ఆశ్రయానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకోవాల్సింది పిల్లల చదువే అయింది.

భవనంతో పాటు పంతులుగారు కూడా వెళ్లిపోతారు. విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులకు చదువుతో సంబంధం లేని పనులు అప్పగించకూడదని చెబుతూనే మూడు మినహాయింపులు ఇచ్చింది. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం. అంటే వరద రోజుల్లో మాస్టారు గారు పునరావాస కేంద్రంలో పేర్లు రాసుకుంటూ కూర్చుంటే అది ఆయన తప్పు కాదు, ఆయన డ్యూటీ. గదులు పోయాయి, మాస్టారు పోయారు. బడి తరఫున ఇంకా మిగిలేది ఎవరు? తల్లిదండ్రులు.

ఈ చోటు చట్టంలోనూ తల్లిదండ్రులకు ఉంది. మన రాష్ట్రం 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. తర్వాత వచ్చిన 2009 విద్యాహక్కు చట్టం, బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలనీ, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి పాళ్ల ప్రకారం చోటు ఇవ్వాలనీ చెప్పింది. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. నెల తిరగకముందే వరద వచ్చింది. మేము వెళ్లిన ఆ కేంద్రంలో కమిటీ సభ్యులు ఎవరని అడగాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. పొట్లాలు ఎన్ని చాలతాయన్న లెక్క ఒక్కటే ఉంది మా దగ్గర.

అదే ఏడు డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు, విద్యామంత్రి లోకేశ్ గారు వచ్చారు. మన సంఘంలో తల్లులు కూడా ఆ రోజు పిల్లల బడులకు వెళ్లి వచ్చారు. మంచిదే, వెళ్లాలి. తోరణాలు కట్టిన రోజున బడికి వెళ్లడం సులువు. మేకలు కట్టేసిన రోజున కూడా ఆ బడి మనదే అనుకుని వెళ్లామా అని మాత్రం మమ్మల్ని మేమే అడుక్కుంటున్నాం.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం చాలామంది పేర్ల పట్టీ అనుకుని దాటేస్తారు. మేమూ సెమినరీలో అలాగే దాటేశాం. కూలిన ప్రాకారాన్ని ఎవరెవరు ఎక్కడెక్కడ కట్టారో అక్కడ వరసగా ఉంది. యాజకులు, కంసాలులు, వర్తకులు, పక్క ఊళ్లవాళ్లు. కొందరైతే తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్నే కట్టుకున్నారు. ఆ జాబితాలో రెండు చోట్ల మేము ఆగిపోతాం. ఒకటి, తెకోవ ఊరివాళ్లు పని చేశారు గానీ వాళ్లలో పెద్దవాళ్లు మెడ వంచలేదు. రెండు, షల్లూము అనే అధికారి తన కూతుళ్లతో కలిసి కట్టాడు. ఆ కూతుళ్ల పేర్లు మాత్రం గ్రంథంలో లేవు.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2020 మార్చిలో కరోనాతో బడులు మూశారు. తొమ్మిది, పది తరగతులు నవంబరు 2న తెరిచారు. చిన్నపిల్లలు, అంటే ఒకటి నుంచి అయిదు వరకు, మళ్లీ బడి మొహం చూసింది 2021 ఫిబ్రవరి 1నే. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు కూలికి వెళ్లిపోతే, కరెంటు పోయి టీవీ ఆగిపోతే, ఆ పిల్లలకు చదువెక్కడిది? ఆంక్షలు కాస్త సడలాక మన హాలులో ముప్పై మంది దాకా పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి అక్షరాలు, ఎక్కాలు చెప్పించాం. డిగ్రీ చదివిన మన సహోదరీలు ఇద్దరు చెప్పారు.

మేము చేసిన పని ఏమిటంటే, రోజూ పాటతో, ప్రార్థనతో, కంఠత వాక్యంతో మొదలుపెట్టాం. ఎవర్నీ అడగలేదు. మందిరంలో జరిగేది ఇంకెలా మొదలవుతుంది అనుకున్నాం. పదిరోజులకు ఒక కౌలురైతు వచ్చాడు. మన సంఘస్థుడు కాదు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యగారూ, పిల్ల అక్షరాలు మర్చిపోకుండా ఉంటదని పంపానండీ. ఇది మీ ఆదివారం బడని తెలవదు" అని కూతుర్ని తీసుకెళ్లిపోయాడు. ఆ వారంలో ఇంకా అయిదుగురు మానేశారు. మాకు అప్పుడు కోపమే వచ్చింది, ఉచితంగా చెబుతుంటే ఇదేమిటని. కోపం తగ్గాక వాళ్లింటికి వెళ్లాం. ఆయన కాఫీ ఇచ్చాడు, మర్యాద చేశాడు, పిల్లను మాత్రం పంపలేదు. మూడో తరగతి పిల్ల ఆ ఆరు నెలల్లో పోగొట్టుకున్నదానిలో మా వంతు కూడా ఉంది.

పాఠాలు చెప్పిన ఆ సహోదరీల విషయం కూడా అంతే. అయిదు నెలలు చెప్పించుకుని క్రిస్మస్ రోజున చెరొక చీర పెట్టి చప్పట్లు కొట్టించాం. వాళ్లలో ఒకరికి ట్యూషన్ల మీద వచ్చే రాబడే ఇంటికి ఆధారం, కరోనాలో అదీ పోయింది. సేవ అనే మాట వాడి అది కనబడకుండా చేశాం. షల్లూము కూతుళ్ల దగ్గర మేము ఆగిపోయేది ఇందుకే.

అత్యవసర పరిస్థితుల్లో చదువు గురించి ప్రపంచమంతా పనిచేసే సంస్థలు కలిసి 2004లో కొన్ని కనీస ప్రమాణాలు రాసుకున్నాయి. ఐఎన్‌ఈఈ ప్రమాణాలు అంటారు. సరిగ్గా ఆ డిసెంబరులోనే సునామీ మన తీరాన్ని కూడా తాకింది. ఆ ప్రమాణాల్లో మొట్టమొదట వచ్చేవాటిలో ఒకటి స్థానిక ప్రజల భాగస్వామ్యం. అంటే అన్నం పెట్టించడానికో గోడకు సున్నం వేయించడానికో జనాన్ని పిలవడం కాదు. బడి ఎక్కడ నడవాలి, ఎప్పుడు నడవాలి, ఎవరు చెప్పాలి అన్నదాంట్లో వాళ్ల మాట ఉండాలి. మేము 2020లో పిల్లల్ని పిలిచాం, వాళ్ల తల్లిదండ్రుల్ని పిలవలేదు.

మన పల్లెలకు ఇది కొత్త కూడా కాదు. గుంటూరుకు 1842లో ఫాదర్ హయ్యర్ గారు వచ్చిన తర్వాతి కాలంలో ఈ ప్రాంతపు ఎన్నో పల్లెల్లో ఆదివారం మందిరమైన ఇల్లే మిగతా రోజుల్లో బడి. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలు అక్కడ పలక పట్టారు. మన తాతల్లో సంతకం చేయగలిగినవాళ్లు ఉన్నారంటే ఆ బడుల వల్లే. అప్పుడు మన పిల్లలకు వేరే తలుపు లేదు, మందిరం తలుపు తీసింది. ఇప్పుడు ప్రభుత్వ బడి ఉంది, అందులో అన్ని ఇళ్ల పిల్లలూ పక్కపక్కన కూర్చుంటున్నారు. దాన్ని నిలబెట్టుకోవడమే ఇప్పటి పని.

అందుకే పెద్దల్ని అడిగిన ప్రశ్న మార్చుకుంటున్నాం. హాలు బడికి ఇవ్వడం కాదు, ముందు నిర్వాసిత కుటుంబాలకు ఇద్దాం. మూటలతో, మేకలతో వచ్చేవాళ్లను మన దగ్గర ఉంచుకుంటే, ఆ మేరకు తరగతి గదులు ఖాళీ అవుతాయి. బడి బడిలోనే, మాస్టారి చేతిలోనే, ఏ మతం పాటా లేకుండా నడుస్తుంది. ఈ మాట తహసీల్దారు గారికి ముందుగానే కాగితం మీద ఇవ్వాలి. ఇవ్వాల్సింది పాస్టరు కాదు, బడి కమిటీ. మనం వెనకాల నిలబడదాం. ఒకవేళ బడి గదుల్లోకే నీళ్లు వస్తే అప్పుడు హాలులో పాఠాలు పెట్టుకోమందాం, కానీ కమిటీ అడిగితేనే, వాళ్ల టైంటేబుల్ ప్రకారమే. ఆ గంటల్లో ప్రార్థన మేము చేయించం.

పెద్దలు చెప్పిన అభ్యంతరాలు కూడా రాయాలి. కరకట్ట మనకు దూరం కదా అన్నారు. నిజమే. కానీ 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి చేలు పడిపోవడం చూశాం, కరకట్ట అడ్డం రాలేదు. ఇదంతా ప్రభుత్వం చూసుకోవాల్సిన పని కదా అన్నారు ఒకరు. ఈ మాటతో మేము చాలావరకు ఏకీభవిస్తాం. జీతమిచ్చే మాస్టారు, మధ్యాహ్న భోజనం, పుస్తకాలు ప్రభుత్వానివే, వాటికి బదులుగా మన చందాలు పెట్టకూడదు. మనం చేస్తున్నాం కదా అని వాళ్లు తప్పుకునే వీలు ఇవ్వకూడదు. కమిటీలో కూర్చునేది వాళ్ల పని నెత్తిన వేసుకోవడానికి కాదు, ఎందుకు కాలేదని అడగడానికి.

ఇంకో మాట ఒక పెద్దాయన మెల్లగా అన్నారు. మన పిల్లలకైతే సరే గానీ అన్ని ఇళ్లవాళ్లూ వచ్చి పడుకుంటే ఎట్లా అని. ఆయన మీద మాకు గౌరవం ఉంది, మందిరం పునాదికి మట్టి మోసినవారు. అయినా ఈ ఒక్క మాట మేము ఒప్పుకోలేం. ఎవరి ఇంటికి ఎవరు రాకూడదో అన్న లెక్క వల్ల మన తాతలు ఎన్నాళ్లు బయట నిలబడ్డారో ఆయనకే మాకంటే బాగా తెలుసు.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు బడి కమిటీ అధ్యక్షురాలు, హెడ్మాస్టరు గారు హాలు చూడటానికి వస్తామన్నారు. ఒప్పందం కుదిరితే రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. స్త్రీల బాత్‌రూము తలుపు గడియ ఊడిపోయి ఉంది, వెనక గోడ పక్కన కాలువ పూడిపోయింది. వడ్రంగి పని, పార పని తెలిసిన సహోదరులు బుధవారం ఉదయమే రండి.