టోరీలకు కావలసింది కొత్త దారా, పోయిన పరపతా?

2024 జూలై 4న జరిగిన సార్వత్రిక ఎన్నికల్లో బ్రిటన్ కన్జర్వేటివ్ (టోరీ) పార్టీకి దక్కినవి 121 స్థానాలు. ఆ పార్టీ చరిత్రలో ఇంత తక్కువ ఎన్నడూ లేదు. అంతకు ఐదేళ్ల ముందు ఇదే పార్టీ 365 స్థానాలతో, 43.6 శాతం ఓట్లతో ఊరేగింది. 2024లో ఓట్లు 23.7 శాతానికి పడిపోయాయి. ఈ మొత్తాలకన్నా ఎక్కువ చెప్పే వివరం ఇంకొకటి ఉంది. 2010 నుంచి 14 ఏళ్లలో టోరీలు దేశానికి ఐదుగురు ప్రధానులను ఇచ్చారు. డేవిడ్ కామెరాన్ ప్రాతినిధ్యం వహించిన విట్నీ, థెరిసా మే గెలుస్తూ వచ్చిన మెయిడెన్‌హెడ్ లిబరల్ డెమొక్రాట్లకు పోయాయి. బోరిస్ జాన్సన్‌ను పార్లమెంటుకు పంపిన అక్స్‌బ్రిడ్జ్, లిజ్ ట్రస్ స్వయంగా పోటీచేసిన సౌత్ వెస్ట్ నార్ఫోక్ లేబర్‌కు దక్కాయి. మిగిలింది ఉత్తరాన యార్క్‌షైర్‌లోని రిషి సునాక్ స్థానం ఒక్కటే. అంటే ఆ నలుగురి కోటలూ కూలాయి, వాటిలో ఒక్కటి కూడా నైజెల్ ఫరాజ్ నడిపే, టోరీలకన్నా కుడివైపున్న రిఫార్మ్ యూకే చేతికి వెళ్లలేదు. అయినా ఓటమి తరువాత పార్టీలో సాగుతున్న చర్చంతా రిఫార్మ్ చుట్టూనే తిరుగుతోంది. ఇంకా కుడివైపు జరగాలా, మధ్యేమార్గానికి రావాలా అన్నదే అక్కడి వాదులాట. ఓటరు వేస్తున్న ప్రశ్న అది కాదు. మీరు ఎటు వెళ్లినా సరే, మీ మాట ఎందుకు నమ్మాలి అని అడుగుతున్నాడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ దారి పట్టినా ఆ పార్టీకి భవిష్యత్తు ఉండదు.

టోరీలను బ్రిటిష్ ఓటరు ఏనాడూ పెద్దగా ప్రేమించింది లేదు. కఠినాత్ములు, ధనికుల పక్షం అని తిట్టుకుంటూనే, ఖజానా తాళాలు మాత్రం వాళ్ల చేతిలో ఉంటే ఫరవాలేదనుకున్నాడు. పార్టీకి ఉన్న అసలు ఆస్తి ఈ నమ్మకమే. ఇది పోతే ఏమవుతుందో ఒకసారి చూశారు కూడా. 1992 ఏప్రిల్‌లో జాన్ మేజర్ నాయకత్వంలో పార్టీకి 1.40 కోట్లకు పైగా ఓట్లు వచ్చాయి. ఆ దేశ ఎన్నికల్లో ఏ పార్టీకీ అన్ని ఓట్లు ఎప్పుడూ పడలేదు. ఆరు నెలలు తిరగకముందే, సెప్టెంబర్ 16న, యూరోపియన్ మారక రేటు వ్యవస్థ నుంచి పౌండు అవమానకరంగా బయటపడింది. బ్లాక్ వెడ్నెస్‌డేగా అది చరిత్రకెక్కింది. విచిత్రమేమిటంటే ఆ తరువాత ఆర్థిక వ్యవస్థ కోలుకుంది, నిరుద్యోగం తగ్గుతూ వచ్చింది. ఓటరు మాత్రం కరగలేదు. 1997లో పార్టీ 165 స్థానాలకు కుదించుకుపోయింది. ఫలితాలు బాగున్నంత మాత్రాన పోయిన నమ్మకం వెనక్కి రాదని అప్పుడే రుజువైంది.

ఈసారి దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది నడవడికకు సంబంధించినది. కరోనా రోజుల్లో జనం తమ కన్నవాళ్ల అంత్యక్రియలకు కూడా లెక్కపెట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. 2021 ఏప్రిల్ 17న విండ్సర్ ప్రార్థనా మందిరంలో భర్త ఫిలిప్ అంత్యక్రియలప్పుడు రెండో ఎలిజబెత్ రాణి నల్లటి మాస్కుతో, పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా కూర్చున్నారు. ఆ ముందురోజు రాత్రి ప్రధాని కార్యాలయ సిబ్బంది డౌనింగ్ స్ట్రీట్‌లో మద్యం పార్టీలు చేసుకున్నారు. విషయం బయటికి పొక్కాక ప్రధాని కార్యాలయం రాజప్రాసాదానికి క్షమాపణ చెప్పుకుంది. పోలీసులు మొత్తం 126 జరిమానాలు వేశారు. ప్రధాని జాన్సన్, అప్పటి ఆర్థిక మంత్రి సునాక్ ఇద్దరూ ఆ జాబితాలో ఉన్నారు. 2023 జూన్‌లో పార్లమెంటు హక్కుల సంఘం, జాన్సన్ కావాలనే సభను తప్పుదారి పట్టించారని తేల్చింది. ఆ నివేదికను సభ 354–7 ఓట్లతో ఆమోదించింది. చట్టం, క్రమశిక్షణ అంటూ ఓట్లడిగే పార్టీకి ఇంతకన్నా తలవంపులు ఏముంటాయి? లేబర్ నాయకుడు ఇదే తప్పు చేసి ఉంటే జనం తిట్టి ఊరుకునేవారేమో. నియమపాలనే తన సరుకుగా అమ్ముకున్న పార్టీకి ఆ వెసులుబాటు లేదు.

రెండో దెబ్బ నేరుగా ఇళ్లలోకి వచ్చింది. 2022 సెప్టెంబర్ 23న ట్రస్ ప్రభుత్వ ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ మినీ బడ్జెట్ ప్రవేశపెట్టారు. దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్ను రాయితీలు ప్రకటించి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. పన్నులు తగ్గించడం కుడిపక్షాలకు సహజమే, అందులో తప్పు పట్టాల్సింది లేదు. తగ్గించిన తీరులోనే ఉంది అసలు తప్పు. ప్రభుత్వ లెక్కలను స్వతంత్రంగా పరిశీలించే ఓబీఆర్ అంచనాలను పక్కన పెట్టారు. అంతకు పదిహేను రోజుల ముందే ఆర్థిక శాఖలోని అత్యున్నత అధికారిని ఇంటికి పంపారు. వద్దనేవాళ్లు లేకుండా చూసుకున్నారన్న మాట. మూడు రోజుల్లో పౌండు డాలరుతో పోలిస్తే చరిత్రలోనే కనిష్ఠానికి, 1.03 దగ్గరికి, పడిపోయింది. పింఛను నిధులు కుప్పకూలకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి ప్రభుత్వ బాండ్లు కొనాల్సి వచ్చింది. గృహరుణ సంస్థలు తమ పథకాలను రాత్రికి రాత్రి వెనక్కి తీసుకున్నాయి, రెండేళ్ల స్థిర వడ్డీ సగటున 6 శాతం దాటింది. ఓటర్లకు బాండ్ల మార్కెట్ అర్థం కాకపోవచ్చు. నెలవాయిదా ఎంత పెరిగిందో మాత్రం బాగా అర్థమవుతుంది. పైగా సొంతిల్లు కొనుక్కుని వాయిదాలు కట్టే మధ్యతరగతి కుటుంబమే ఆ పార్టీకి తరతరాల ఓటు. ఆ ఓటు మీదే వేటు వేసుకున్నారు.

ఆ ప్రధానిని ఎన్నుకున్నది ఎవరన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. పార్టీ ఎంపీల తుది పోలింగ్‌లో సునాక్‌కు 137, ట్రస్‌కు 113 ఓట్లు వచ్చాయి. తరువాత పార్టీ సభ్యులు 81,326 ఓట్లతో ట్రస్‌ను గద్దె ఎక్కించారు. 1950లలో సభ్యత్వం 25 లక్షలకు పైగా ఉన్న పార్టీలో ఇప్పుడు మిగిలింది లక్ష పైచిలుకు. అంత చిన్న గుంపు దేశానికి ప్రధానిని ఇచ్చింది, ఏడు వారాలకే ఆమె దిగిపోయారు, మరోసారి ఏ ఓటూ లేకుండా సునాక్ వచ్చారు. 2022 ఒక్క ఏడాదిలోనే ముగ్గురు ప్రధానులు, నలుగురు ఆర్థిక మంత్రులు. 1979 నుంచి 1997 దాకా 18 ఏళ్లలో ఇద్దరంటే ఇద్దరే ప్రధానులతో నడిచిన పార్టీ ఇది. స్థిరత్వం మా పేరు అని ఇక ఏ మొహం పెట్టుకుని చెబుతారు?

మూడోది వలసల వ్యవహారం. తెలుగు ఇళ్లకు నేరుగా తగిలినది కూడా ఇదే. నికర వలసలను ఏటా లక్ష లోపుకు తెస్తామని 2010లోనే పార్టీ మాటిచ్చింది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి అవి 9 లక్షలు దాటాయి. ఇంతమంది తమంతట తాము వచ్చిపడలేదు. చదువు అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసా దారిని 2021 జూలైలో తెరిచింది జాన్సన్ ప్రభుత్వమే. వృద్ధులను చూసుకునే సిబ్బందికి 2022లో తలుపులు బార్లా తీసిందీ ఆ ప్రభుత్వమే. దాన్ని నమ్మి హైదరాబాద్, గుంటూరు, వరంగల్ నుంచి అప్పులు చేసి పిల్లలను మాస్టర్స్‌కు పంపిన తల్లిదండ్రులు ఎందరో. 2024 జనవరి నుంచి, పరిశోధన కోర్సుల వాళ్లకు తప్ప, విద్యార్థులు భార్యనో భర్తనో వెంట తెచ్చుకునే వీలు పోయింది. ఏప్రిల్‌లో నైపుణ్య ఉద్యోగ వీసాకు కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి ఒక్కసారిగా 38,700కు పెరిగింది. ఏ దేశానికైనా తన వలస విధానాన్ని బిగించే హక్కు ఉంది, దాన్ని కాదనలేం. అయితే లోపలికి రమ్మన్నదీ వాళ్లే, ఇందరెందుకొచ్చారని కళ్లెర్ర చేసిందీ వాళ్లే. వలసలు వద్దన్న ఓటరు మోసపోయాననుకున్నాడు, పిలిస్తే వచ్చిన విద్యార్థీ అదే అనుకున్నాడు. ఒకే విధానంతో రెండు పక్షాల దగ్గరా మాట పోగొట్టుకోవడం మామూలు విషయం కాదు.

ఉత్తర ఇంగ్లండ్‌కు ఇచ్చిన మాటదీ ఇదే గతి. వెనకబడిన ప్రాంతాలను పైకి తెస్తామని 2019లో లేబర్ కంచుకోటలను గెలిచారు. 2023 అక్టోబర్ 4న హైస్పీడ్ రైలు మార్గంలో మాంచెస్టర్ వెళ్లే భాగాన్ని రద్దు చేస్తున్నట్టు సునాక్ ప్రకటించారు. ఆ ప్రకటన చేసింది మాంచెస్టర్‌లోనే, ఒకప్పటి రైల్వే స్టేషన్‌ను మార్చి కట్టిన సభాప్రాంగణంలో. ఖర్చు తడిసి మోపెడైన మాట నిజమే కావచ్చు. ఆ ఊరికి వెళ్లి, ఆ కప్పు కింద నిలబడి ఆ మాట చెప్పవచ్చని ఎవరికి తోచిందో!

నమ్మకమే అసలు సమస్య అన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. సునాక్ 2023 జనవరిలో ఐదు హామీలు ఇచ్చారు, వాటిలో ద్రవ్యోల్బణాన్ని సగానికి తెస్తానన్నది నెరవేరింది. మాట నిలబెట్టుకున్నా ఓట్లు పడలేదు కదా, ఇక నమ్మకం గురించి ఈ ఉపన్యాసం ఎందుకని అడగవచ్చు. అయితే ధరల పెరుగుదల నెమ్మదించడంలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీరేట్లకు, దిగివచ్చిన గ్యాస్ ధరలకు పెద్ద వాటా ఉంది. పడవల్లో వచ్చేవారిని ఆపేస్తానన్న హామీలో రాక సుమారు మూడో వంతు తగ్గింది తప్ప ఆగలేదు. తగ్గిస్తానని చెప్పి ఉంటే అది విజయమయ్యేది, ఆపేస్తాననడంతో వైఫల్యంగా మిగిలింది. ఆస్పత్రుల్లో నిరీక్షణ జాబితాలైతే తగ్గకపోగా పెరిగాయి. ఇక, జనం అన్ని పార్టీలనూ నమ్మడం మానేశారు, ఒక్క టోరీలనే ఎందుకు నిందిస్తారన్నది మరో వాదన. ఇందులో కొంత నిజముంది. 2024లో వచ్చిన బ్రిటిష్ సోషల్ యాటిట్యూడ్స్ సర్వేలో 45 శాతం మంది, ఏ పార్టీ ప్రభుత్వమైనా పార్టీ ప్రయోజనంకన్నా దేశాన్ని ముందు పెడుతుందని దాదాపు ఎప్పుడూ నమ్మమన్నారు. లేబర్ 2024లో భారీ మెజారిటీ తెచ్చుకున్నది కూడా 33.7 శాతం ఓట్లతోనే. కానీ అందరి పరపతీ పడిపోయినప్పుడు ఎక్కువ నష్టపోయేది పరపతే పెట్టుబడిగా బతికిన పార్టీయే. వ్యవస్థలను కాపాడతామనే పార్టీకి వ్యవస్థల మీద నమ్మకం పోవడం సొంత నష్టం.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే వాదన రిఫార్మ్ గురించి. 2024లో ఆ పార్టీకి 14.3 శాతం ఓట్లు వచ్చాయి. రెండు పార్టీలవీ కలిపితే 38 శాతం, లేబర్ కన్నా ఎక్కువ. కాబట్టి కుడివైపుకు జరిగి ఆ ఓట్లు తెచ్చుకుంటే చాలు అంటారు. రిఫార్మ్ చీల్చిన ఓట్ల వల్ల చాలా స్థానాలు పోయాయన్నది నిజం. అక్స్‌బ్రిడ్జ్, సౌత్ వెస్ట్ నార్ఫోక్ రెండూ వెయ్యిలోపు ఓట్ల తేడాతోనే చేజారాయి. అయితే 72 స్థానాలు గెలిచిన లిబరల్ డెమొక్రాట్లు వాటిలో చాలావరకు దక్షిణాదిలోని టోరీ ఊళ్లలోనే తెచ్చుకున్నారు. ఫరాజ్ భాష మాట్లాడితే మెయిడెన్‌హెడ్ వెనక్కి వస్తుందా? రిఫార్మ్‌కు వెళ్లినవాళ్లు మాత్రం ఎందుకు వెళ్లారు? హామీ చిన్నదని కాదు, అది నెరవేరలేదని. హామీల వేలంపాటలో ఎన్నడూ పాలించని పార్టీ ఎంతకైనా పాడుతుంది, 14 ఏళ్లు పాలించిన పార్టీ ఎంత పాడినా అప్పుడేం చేశారన్న ప్రశ్న వస్తుంది. 2025 మే 1న జరిగిన స్థానిక ఎన్నికల్లో టోరీలు 670కి పైగా స్థానాలు కోల్పోయారు. ఆ సెప్టెంబర్‌లో పార్టీ సిద్ధాంతకర్తల్లో ఒకరైన ఎంపీ డానీ క్రూగర్ రిఫార్మ్‌లో చేరిపోయారు. అనుకరించే కొద్దీ మనుషులు అసలుదాని దగ్గరికే పోతున్నారు.

లోలకం ఊగుతుంది, లేబర్ విసుగు పుట్టిస్తే జనం మళ్లీ వస్తారన్న ధీమా కూడా కొందరికి ఉంది. 1997 తరువాత అధికారానికి 13 ఏళ్లు పట్టినా వచ్చారు కదా అంటారు. అప్పుడు కుడివైపు గట్టి పోటీ ఇచ్చే ఇంకో పార్టీ లేదు. కెనడాలో ఉంది. 1993లో అక్కడ పాలక ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ ఒక్క ఎన్నికతో రెండే రెండు స్థానాలకు పడిపోయింది. 52 గెలిచిన పార్టీ పేరు కూడా రిఫార్మే. ఆ పాత పార్టీ మళ్లీ లేవలేదు, 2003లో ఎదుటి పక్షంతో కలిసి కొత్త పార్టీలో కరిగిపోయింది.

2024 నవంబర్‌లో నాయకురాలైన కెమీ బేడనాక్‌కు పోయింది నమ్మకమన్న సంగతి కొంత తెలిసినట్టే ఉంది. 2025 జూన్‌లో ఆమె ఆర్థిక ప్రతినిధి మెల్ స్ట్రైడ్, మోయలేని వాగ్దానాలతో ఆర్థిక పరపతిని ఇంకెప్పుడూ దెబ్బతీయబోమని బహిరంగంగా అన్నారు. సరైన మాటే. కానీ అక్టోబర్ మహాసభ నాటికి 4,700 కోట్ల పౌండ్ల పొదుపు చేస్తామని, ఇల్లు కొంటే కట్టే స్టాంప్ డ్యూటీ ఎత్తేస్తామని, మానవహక్కుల యూరోపియన్ ఒప్పందం నుంచి వైదొలుగుతామని వరస పెట్టారు. 2008 నాటి వాతావరణ చట్టాన్ని కూడా రద్దు చేస్తామన్నారు. ఆనాడు టోరీలు మద్దతిచ్చిన చట్టం అది. దాన్ని 2019లో మరింత కఠినం చేసింది థెరిసా మే ప్రభుత్వమే. ఈ విధానాల్లో ఏది మంచిదో ఏది కాదో వాదించుకోవచ్చు. ఇంతకుముందు ఎందుకు అటు, ఇప్పుడు ఎందుకు ఇటు అన్నదానికి తగిన వివరణ ఇవ్వకుండా తిరగబడటం మాత్రం పాత జబ్బే.

చేయాల్సిన పని చూడటానికి చప్పగానే ఉంటుంది. 14 ఏళ్ల హామీలు, వాటి ఫలితాలు పార్టీయే ఒక పత్రంగా అచ్చేసి జనం ముందు పెట్టాలి. ప్రతి కొత్త పన్ను రాయితీ లెక్కనూ ప్రకటనకు ముందే స్వతంత్ర పరిశీలనకు ఇవ్వాలి. అధికారంలో ఉండగా నాయకుణ్ణి మార్చాల్సి వస్తే ఎంపీలే ఎన్నుకోవాలి, సభ్యుల ఓటు ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు. వలసల మీద ఒక సంఖ్య చెబితే, అది తప్పితే ఏ మంత్రి బాధ్యుడో కూడా అందులోనే రాయాలి. వీటిలో ఒక్కదానికీ అధికారం అక్కర్లేదు, ప్రతిపక్షంలో కూర్చునే చేయవచ్చు. తదుపరి సార్వత్రిక ఎన్నికలు 2029 ఆగస్టు మధ్యలోగా జరిగి తీరాలి. కుడివైపా, మధ్యేమార్గమా అన్న వాదులాట ఆ తరువాత పెట్టుకున్నా కొంప మునగదు.