కరెంటు వచ్చింది సరే, లోడు ఎంత?

కరెంటు బిల్లు చేతికి రాగానే మనం చూసేది ఒక్కటే: ఎంత కట్టాలి? ఉచిత యూనిట్లు వచ్చే ఇళ్లలో అదీ చూడరు. అదే కాగితం మీద కాంట్రాక్టెడ్ లోడ్ అనే అంకె ఉంటుంది. ఆ ఇంట్లో ఒకేసారి ఎంత కరెంటు వాడుకోవచ్చో చెప్పేది అదే. హాస్టల్ పిల్లలమైన మనమే ముందు దాన్ని చదవాలని నా అభిప్రాయం.

1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పేదల ఇళ్లకు ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చింది. ఆనాడు అదే గొప్ప. ఇప్పుడు అలాంటి ఇళ్లలోనూ ఫ్యాను, టీవీ, మిక్సీ, ఇస్త్రీపెట్టె చేరాయి. కాగితం మీద లోడు మాత్రం చాలాచోట్ల పెరగలేదు.

లోడు రాయిస్తే డబ్బు కట్టాలని పెద్దవాళ్ల భయం. ఆ భయం అబద్ధం కాదు. కానీ దాస్తే నష్టం మనకే. కాలనీలో 100 ఇళ్లకు 250 వాట్ల చొప్పున రాసి ఉంటే మొత్తం 25 కిలోవాట్లు. సాయంత్రం ఇంటికి 500 వాట్లు వాడితే 50 కిలోవాట్లు. కాగితం చూసి పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పరీక్షల ముందు చీకట్లో కూర్చునేది మన తమ్ముళ్లూ చెల్లెళ్లే. పైగా అనుమతి లేని వాడకానికి 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ రెట్టింపు రేటు వేయమంటోంది.

ఇంటి లోపల ఇంకో ప్రమాదం. 1,500 వాట్ల నీళ్లు కాచే రాడ్డు 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఆరు ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు పెడితే వైరు వేడెక్కుతుంది. ఫ్యూజు ఊరికే పోతోందని లావు తీగ చుట్టడం కాపలావాణ్ణి కట్టేసి తలుపు తెరవడమే. కొన్ని హాస్టల్ గదుల్లోనూ ఇదే జరుగుతోంది.

మన హక్కులూ తెలుసుకుందాం. మీటరు దగ్గర ఎర్త్ టెర్మినల్ ఇవ్వాల్సింది సరఫరా సంస్థే. అక్కడినుంచి ఇంటి వైరింగుకు ఎర్త్ కలుపుకోవడం మన బాధ్యత. కొత్త లైను అవసరం లేనిచోట, 2024 సవరణ ప్రకారం, పూర్తి దరఖాస్తు అందిన 15 రోజుల్లో గ్రామాల్లో కనెక్షన్ మార్చి ఇవ్వాలి.

ప్రభుత్వాలకూ ఒక మాట. యూనిట్లు ఉచితంగా ఇస్తున్నప్పుడు పేదల ఇళ్లకు ఒక కిలోవాట్ దాకా అదనపు లోడు చార్జీ కూడా మాఫీ చేయాలి. తీగ తట్టుకోలేని ఇంటికి ఉచిత యూనిట్లు ఎందుకు?

మిత్రులారా, ఈ సెలవుల్లో ఇంట్లో ఉన్న వస్తువుల వాట్లు కూడండి. బిల్లు మీది అంకెతో పోల్చండి. తేడా ఉంటే అమ్మానాన్నలతో దరఖాస్తు పెట్టించండి. చదువుకున్న పిల్లలున్న ఇల్లు అనిపించుకోవడానికి అది మంచి మొదలు.

– ఒక పూర్వ విద్యార్థి