వేసవి సెలవులు - కళాశాల గ్రంథాలయము

ఎండలు ముదిరినవి. కళాశాలలకు సెలవులిచ్చుటతో వసతిగృహములలోని మన యాడుబిడ్డలు పెట్టెలు సర్దుకొని యిండ్లు చేరుచున్నారు. రెండు దినములు ముద్దుముచ్చటలతో గడచిన పిదప ఆవకాయకు కాయలు తఱుగుట, వడియములు పెట్టుట, వచ్చిన చుట్టములకు వండి వార్చుట, వైశాఖమాసపు పెండ్లిండ్లకు బయలుదేఱుట - వీనితోనే సెలవులు ముగిసిపోవును. బిడ్డలు తల్లికి చేదోడుగ నుండుట మంచిదే, మేము కాదనము. కాని సెలవులు కళాశాలకే గాని చదువునకు గావు. కొందఱు బాలికలకు ఈ యెండలలోనే పై తరగతుల ప్రవేశపరీక్షలు. కొందఱు తప్పిన పరీక్షను మరల వ్రాయవలసియున్నారు. ఉపాధ్యాయులు దొరకని యీ దినములలో వారికి దిక్కు పుస్తకమే. కావున సెలవులలో గ్రంథాలయమును ఉపయోగించుకొను మార్గమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

సెలవులనగానే గ్రంథాలయమునకును తాళము పడునని పెక్కురు తలంచుచుందురు. అన్ని చోట్ల నట్లు కాదు. పరీక్షలకు జదువుకొనువారి నిమిత్తము పఠనమందిరమును దినమునకు కొన్ని గంటలు తెఱచియుంచు కళాశాలలు కలవు. తెచ్చుకొన్న పుస్తకములను సెలవులు ముగియువఱకు నుంచుకొనుటకు అనుమతించునవియు గలవు. ఒక్కొక్క కళాశాల పద్ధతి యొక్కొక్క రీతిగ నుండును గావున ముందుగ నడిగి తెలిసికొనవలెను. అమ్మాయి యిదివఱకే యింటికి వచ్చియున్నచో గ్రంథాలయాధికారికి ఫోను చేయించుడు. అడుగవలసినవి నాలుగు. సెలవులలో గ్రంథాలయము ఏ వేళలందు తెఱచియుండును? తెచ్చుకొన్న పుస్తకములకు గడువు ఎన్నటివఱకు? గడువు పొడిగించుటకు స్వయముగ రావలెనా, ఫోనులో జెప్పిన జాలునా? ఇంటినుండి చదువుకొనుటకు కళాశాల యిచ్చు గుర్తింపు పేరును, పాస్‌వర్డును ఎట్లు పొందవలెను?

చివరి సంవత్సరము ముగించినవారు మఱియొకటి గమనింపవలెను. పుస్తకములన్నియు తిరిగి యిచ్చి, బాకీ లేదని పత్రము పొందినగాని చాలచోట్ల బదిలీపత్రము చేతికి రాదు. క్రొత్త కళాశాలలో జేరు దినమున ఒక్క పుస్తకముకొఱకు పరుగులిడుటకంటె దానిని ముందే యప్పగించుట మేలు.

పుస్తకము ఇంటి ముంగిటికి వచ్చుట తెలుగునాట క్రొత్త గాదు. పాతూరి నాగభూషణముగారు 1935లో కాలువపై పడవలో గ్రంథాలయమును నడపి, ఒడ్డునున్న పల్లెలవారికి పుస్తకముల నందించిరి. నేడు ఆ పడవ పనిని ఫోను చేయుచున్నది. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. వారు నడుపుచున్న భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018 జూన్ 19వ తేదీన జాతికి అంకితమయ్యెను. అందు పేరు నమోదు చేసికొనుటకు రుసుము లేదు. పాఠ్యగ్రంథములు, ప్రశ్నపత్రములు, ఉపన్యాసములు ఎక్కడెక్కడ గలవో అది వెదకి చూపును. దేశమందలి విశ్వవిద్యాలయములకు సమర్పింపబడిన పరిశోధన గ్రంథములు వేలకొలదిగ 'శోధ్‌గంగ'యందు జేర్పబడియున్నవి. వానిని ఎవరైనను ఉచితముగ జదువవచ్చును. 2017లో నారంభమైన 'స్వయం'లో ఉపాధ్యాయుల పాఠములను ఇంటనుండి వినవచ్చును; పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము గోరువారు మాత్రమే రుసుము చెల్లింపవలెను.

వెలగల శాస్త్రపత్రికల మాట వేఱు. వానికి చందా కట్టుట చిన్న కళాశాలలకు శక్యము గాదు. కావుననే కేంద్రప్రభుత్వమువారు 'ఒకే దేశము - ఒకే చందా' అను పథకమును 2024 నవంబరులో ఆమోదించి, 2025 జనవరినుండి యమలుపఱచిరి. మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 మంది ప్రచురణకర్తల పత్రికలను, సుమారు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలు 6,300కు పైగా వానికి అందునట్లు చేసిరి. మీ యమ్మాయి కళాశాల యందు జేరియున్నదో లేదో గ్రంథాలయాధికారి చెప్పగలరు. ఒక్క హెచ్చరిక: కళాశాల యిచ్చిన పాస్‌వర్డును ఇరుగుపొరుగు పిల్లలకు జెప్పరాదు. కనబడినవన్నియు గుట్టలుగ దింపుకొనరాదు. అట్లు చేసినచో ప్రచురణకర్తలు కళాశాల కంతటికిని ఆ వసతి నిలిపివేయవచ్చును.

ఇన్ని వసతులున్నను బాలికలకు అందనిది ఒకటి కలదు. అది తీరిక. పరీక్ష యున్న కుమారుడు ఉదయమే సంచి తగిలించుకొని గ్రంథాలయమునకు బోవును. ఎవరును వానిని ఆపరు. అదే పరీక్ష యున్న కుమార్తె పుస్తకము తెఱచిన పది నిమిషములకు కాఫీ కలుపుమని యొకరు, చంటివాని నెత్తుకొమ్మని యొకరు పిలుతురు. ఆమె ఫోనులో జదువుకొనుచున్నను ఆటలాడుచున్నదనియే యింటివారి యనుమానము. ఎప్పుడు జూచినను ఫోనేనా యని గద్దించుటకు మాఱు, ఏమి చదువుచున్నావమ్మా, నాకును చూపుమని యడిగి చూడుడు. నిజముగ ఆటయే యైనచో అదియు నప్పుడే తేలును. చదువే యైనచో ఆమె సంతోషముతో జూపును.

మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియై యుండిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములు నిర్ణయించిరి. కోరినవారి కెల్ల వారికి దగిన గ్రంథము అందవలెనన్నది వానిలో రెండవది. దానిని వివరించుచు, పురుషులతో పాటు స్త్రీలకును ఆ హక్కు గలదని వారు ప్రత్యేకించి చర్చించిరి. గ్రంథాలయము తలుపు తెఱచియుంచుట గ్రంథాలయాధికారి వంతు. బాలికకు ఆ తలుపుదాక పోవు వేళ నిచ్చుట ఇంటివారి వంతు.

కావున మా సూచన యిది. ప్రొద్దున పనులు ముగిసిన తరువాత గాని, మధ్యాహ్నము ఇల్లు సద్దుమణిగినప్పుడు గాని, రెండు గంటలు అమ్మాయి చదువునకు వదలుడు. ఆ వేళ ఆమెను ఏ పనికిని పిలువరాదని ఇంటిల్లిపాదికిని చెప్పుడు. తమ్ముడును మంచినీళ్లు తానే ముంచుకొని త్రాగగలడు. కళాశాల దూరమైనచో మీ యూరి శాఖాగ్రంథాలయమును చూచి రండు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయసుంకము వసూలగుచున్నది. ఆ సొమ్ము మన యింటినుండియే పోవుచున్నది గదా. అక్కడ గూర్చుండి చదువుకొనుటకు మనమేల సంకోచింపవలెను? మొదటి దినము తల్లియు వెంట బోయినచో అమ్మాయికి జంకు తీఱును, తల్లికిని తన కిష్టమైన పుస్తకమొకటి దొరకును.

ఆవకాయ జాడీ కెత్తునాటికి గ్రంథాలయాధికారికి ఆ ఫోను గూడ చేయించి యుండవలెనని మా మనవి.